ఇన్‌ఛార్జి నాన్న

“మెంతికారం ఎయ్యని వంకాయకూర కూడా ఒక కూరేనా అని నానడుగుతన్నాను,” అన్నాడు అప్పలసూరి, కంచం కాస్త ముందుకు తోస్తూ.

“వండింది తినండి. మీ ఇంట్లో మెంతికారం తప్ప మరో రుచి ఎరగరు కాబోలు,” అన్నాను.

“మా ఇంటి మాటెందుకిప్పుడు? మా యమ్మ వొండితే ఈదిలో వోళ్లందరూ...” అని ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు. ఫ్యాను వంక చూశాడు. ఫ్యాను ఏమీ చెప్పలేదు.

“గిన్నెలట్టుకొని నిలబడీవోరు,” అని అందించింది ఝాన్సీ, పిల్లల వరసలోంచి.

“ఆఁ, గిన్నెలట్టుకొని నిలబడీవోరు!”

“అయితే వెళ్లి మీ అమ్మ చేతివంటే తినండి,” అని గరిటె ఠంగున గిన్నెలో పడేశాను. గరిటె చప్పుడయ్యేలా పడెయ్యాలని ఉత్తర్వుల్లో ఉంది.

తర్వాత నేను గోడవైపు తిరిగి అలిగాను. అప్పలసూరి కాసేపు ఆగి, వంగి, గొంతు తగ్గించి అడిగాడు: “అమ్మగోరూ, ఇంక రాజీ అయిపోదారా? గేటుకి తాళమెయ్యనేదు.”

రాజీ అయిపోయాం. పిల్లలు మళ్లీ అన్నం కలుపుకున్నారు. “మొన్నటి ఫ్యాను గొడవే బాగుంది, ఇది సప్పగుంది,” అని ఝాన్సీ పక్కపిల్లతో అంటోంది. వరసలో ఒక్క కంచం మాత్రం లేదు. అది గోడవారనున్న మూడో మంచం కింద ఉంది. ఆ కంచం వెనక పైడితల్లి ఉంది, రెండు చెవులూ మూసుకుని.

అప్పలసూరి నా భర్త కాడు, మా హోమ్‌కి వాచ్‌మన్. నా భర్త ఆ వేళకు ఊళ్లో మా ఇంట్లో, మా అత్తగారి పక్కన కూర్చుని ప్రశాంతంగా భోంచేస్తుంటారు. ఆయన కుటుంబ న్యాయస్థానంలో బెంచి గుమాస్తా. ఆయన పగలంతా పరాయివాళ్ల గొడవలు వింటారు. నేను చీకటిపడే వేళకు పరాయివాడితో గొడవపడి బస్సెక్కుతాను. ఇద్దరికీ జీతమిచ్చేది ప్రభుత్వమే.

మాది మనసు దెబ్బతిన్న ఆడపిల్లల కోసం నడిచే హోమ్. జిల్లా కేంద్రం దాటాక జీడితోటల మధ్య ఉంటుంది. పిల్లలు ఇక్కడే ఉండి, దగ్గర్లో బడికి వెళ్తారు. వారానికోసారి మనసు డాక్టరు వచ్చి వాళ్లతో మాట్లాడి వెళ్తారు. తక్కిన వారమంతా మాట్లాడేది మేము. నేనిక్కడ హౌస్ మదర్‌గా చేరినప్పుడు నా జడ నడుము దాటి ఉండేది. ఇప్పుడు ఒక క్లిప్పుకు సరిపోతుంది. ఇన్నేళ్లలో కొరికించుకున్నాను, రక్కించుకున్నాను, ఒకసారి ఇడ్లీపాత్ర మూతతో కొట్టించుకున్నాను. ఆ కొట్టిన పిల్ల ఇప్పుడు నర్సు. నాకు బీపీ చూసినప్పుడల్లా ఆ మూత సంగతి ఎత్తి నవ్వుతుంది, దాంతో బీపీ సరిగా రాదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకుంటే, ఎవరు ముందు మొదలెట్టారని అడిగేవాళ్లం కాదు. చాటనిండా గోంగూర కట్టలు పోసి ఇద్దరి మధ్యా పెట్టేవాళ్లం. ఆకు తుంచాలి, అంతే. మాట్లాడక్కర్లేదు. మొదట్లో ఇద్దరూ చెరో గోడా చూస్తూ తుంచేవాళ్లు. కాసేపటికి ఒకత్తె పారేసిన కాడ రెండోదాని ఒళ్లో పడేది. చాట సగమయ్యేసరికి, “ఒలే, నీ వోటా కూడా నా మీదికి తోసేస్తన్నావేటే?” అన్న మాట వినిపించేది. ఆ మాట వినపడగానే మేం వంటింట్లోకి తప్పుకునేవాళ్లం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు, నేను చేరేటప్పటికే ఉంది. ఆ వారంలో మా హోమ్‌లో గోంగూర పప్పు ఎన్నిసార్లు వండారో చెబితే పిల్లలెలా ఉన్నారో ఎవరైనా చెప్పెయ్యొచ్చు.

పైడితల్లి వచ్చిన కొత్తలో మంచం కిందే ఉండేది. అంతకుముందు వాళ్లింట్లో రోజూ రాత్రి అన్నాల దగ్గర ఏం జరిగేదో అది ఎవరికీ చెప్పలేదు. మోచేతి మీది మచ్చ కొంత చెప్పేది. అన్నం ముద్దలు తలగడ గలీబులో దాచేది. ఎవరైనా మంచం కిందికి చెయ్యి చాపితే కొరికేది. ఒకరోజు ఝాన్సీతో జుట్లు పట్టుకుంది. చాట తెచ్చి పెట్టాం. ఆ రోజు తుంచలేదు, చూసింది. మరోసారి తుంచింది. ఆ తర్వాత గొడవ లేకపోయినా చాట తెచ్చుకుని కూర్చునేది. వర్షాలు వెనకబట్టేసరికి మంచం మీద పడుకోవడం మొదలెట్టింది. మొదటిసారి అలా పడుకున్న పొద్దున్న, రాత్రి పిల్లల దగ్గరుండే గవరమ్మ వచ్చి నాకు ఆ కబురు చెప్పిన తీరు చూస్తే, ఎవరింట్లోనో మగపిల్లాడు పుట్టాడనుకున్నాను.

అలాంటప్పుడు ‘సహజ కుటుంబ వాతావరణ పథకం’ వచ్చింది.

మొదటి ఉత్తర్వు బాగానే ఉంది. గోడలకు రంగులు వెయ్యమన్నారు, వేశాం. నన్ను ‘మేడమ్’ అనడం మాన్పించి ‘అమ్మ’ అనిపించమన్నారు. పిల్లలు అంతకుముందే అమ్మ అనేవాళ్లు. అది ఉత్తర్వు అయ్యాక కొందరు మానేశారు.

రెండో ఉత్తర్వు ప్రకారం కుటుంబానికి నాన్న కావాలి. నాన్న పోస్టు మంజూరు కాలేదు. “ఆర్థిక శాఖ వారి అనుమతి లభించువరకు, అందుబాటులో నున్న పురుష సిబ్బందిలో సీనియరు ఒకరు నాన్నగా పూర్తి అదనపు బాధ్యతలు నిర్వర్తించవలెను” అన్నారు. అందుబాటులో ఉన్న పురుష సిబ్బంది అప్పలసూరి ఒక్కడే. అలా ఇన్‌ఛార్జి నాన్న అయ్యాడు. నాన్నగా ఉన్నప్పుడు ఖాకీ చొక్కా వేసుకోకూడదు. గేటు దగ్గర వేసుకోకపోతే సంజాయిషీ. గంట మోగినప్పుడల్లా పాపం ఒక చొక్కా విప్పుకుంటూ రెండోది తొడుక్కుంటూ పరిగెత్తేవాడు.

గవరమ్మ అంతకుముందు మాకు రాత్రి ఆయా. ఆమెను తీసేసి, నాయనమ్మ పేరుతో ఒక ఏజెన్సీ ద్వారా మళ్లీ ఆమెనే తీసుకున్నారు. ఆయా కాకముందు చేపల బజార్లో చాలాకాలం కొట్టు నడిపిన మనిషి. “నాయనమ్మంటే కథలు సెప్పాలేటి? నాకు రావు. తగువంటే మాత్రం తెల్లారేవరకూ ఆడతాను,” అని అందరి ముందూ చెప్పింది. ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు.

పథకానికి సలహాదారు డాక్టర్ తన్మయి గారు. రాజధాని నుంచి వచ్చారు. మెత్తటి నేతచీర, అంతకన్నా మెత్తటి మాట. మా హాల్లో ఓ మూల కూర్చుని మమ్మల్ని గమనించారు. తర్వాత జాయింట్ డైరెక్టరు పరాంకుశం గారిని పిలిపించి నా ఎదుటే చెప్పారు.

“సర్, ఒక పెద్ద లోటు కనిపించింది. ఈ కుటుంబంలో గొడవలే లేవు.”

పరాంకుశం గారు అదిరిపడి నావైపు చూశారు. “ఏమ్మా, ఎప్పట్నుంచి లేవు?”

“మొదట్నుంచీ లేవండి,” అన్నాను, కాస్త గొప్పగానే.

“ఇది సమర్థించుకోదగ్గ విషయం కాదు. పై అధికారుల దృష్టికి ఎందుకు తీసుకురాలేదు?”

తన్మయి గారు నా భుజం మీద చెయ్యి వేశారు. “మీ తప్పు లేదండీ. చూడండి, సహజమైన ఇంట్లో పెద్దవాళ్లు పోట్లాడుకుంటారు, మళ్లీ కలిసిపోతారు. ఆ కలవడం పిల్లలు కళ్లారా చూడాలి. అందులోనే చికిత్స ఉంది. గొడవే లేకపోతే కలవడం ఎలా చూపిస్తారు?”

“మేడమ్, ఈ పిల్లలు ఇక్కడికొచ్చిందే ఇంట్లో గొడవలు భరించలేక.”

“అవి అసంఘటిత గొడవలు,” అన్నారావిడ జాలిగా. “మనమిచ్చేవి నిర్మాణాత్మకమైనవి.”

“టీకా లాంటివన్నమాట,” అన్నారు పరాంకుశం గారు.

“అచ్చంగా సర్.”

వెంటనే ఉత్తర్వు వచ్చింది. “ప్రతిదినము రాత్రి భోజన సమయమున అమ్మ, నాన్నల మధ్య ఒక అభిప్రాయభేదము, తదుపరి స్వల్ప అలక, అటుపిమ్మట రాజీ, బాలికల సమక్షమున విధిగా జరుపవలెను.” గొడవకు విషయం ముందుగా ఆమోదం పొందాలి. డబ్బు, తాగుడు, పొలం, అనుమానం, ఆడపడుచులు నిషిద్ధం. అంటే మనుషులు నిజంగా పోట్లాడుకునేవన్నీ తీసేశారు. ఉప్పు, కారం, ఫ్యాను వేగం, మంచం మీద తడితువ్వాలు మిగిలాయి. అత్తగారి వంట కోసం నేను ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నాను.

బంధువుల మీద కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. నెలకొక బంధువు చెప్పాపెట్టకుండా ఊడిపడాలి. “చెప్పాపెట్టకుండా వచ్చు బంధువు తన రాకను ముందుగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.” ఆ నెల మాకు పక్క జిల్లా హోమ్ నుంచి ఒక పెద్దమ్మ డిప్యుటేషన్ మీద వచ్చింది. ప్రయాణ భత్యం వచ్చేదాకా కదలనని కూర్చుంది. పథకం మొత్తంలో అచ్చం నిజంగా జరిగింది అదొక్కటే.

చాట మాత్రం పోయింది. పిల్లల చేత ఆకు తుంచించడం పనిచేయించుకోవడం కిందికి వస్తుందని దాన్ని అటక ఎక్కించారు.

అప్పలసూరికి గొడవపడటం రాదు. జీవితంలో ఎవర్నీ పెద్దగా ఒక మాటన్నవాడు కాదు. గేటు దగ్గర కుక్కను కూడా “ఎల్లమ్మా, ఎల్లు” అంటాడు. మాటలు మరిచిపోయి, నన్ను ‘ఏటే’ అనాల్సిన చోట ‘ఏటండి’ అనేవాడు. పిల్లలు పట్టుబట్టి నేర్పించారు. తీరా కొంచెం నేర్చుకున్నాక వాళ్లావిడ హోమ్‌కి వచ్చింది.

“పెళ్లయ్యి ఇన్నేళ్లయ్యింది. నాతోటి ఒక్కనాడు తగువాడినావా?” అని గేటు పట్టుకుని నిలదీసింది. “ఆయమ్మతోటైతే రోజూ ఆడతన్నావంట! కూరలో కారం లేదన్నావంట! నానొండిన కూరలో ఉప్పు నేకపోతే నోరెత్తవేం? నాను నీకంత కానిదాన్నైపోనానా?”

“అది డూటీయే...”

“మరి నాకాడ నీకు డూటీ లేదేటి?”

నా ఇల్లు ఇంకో దారి పట్టింది. పగలంతా ఆ పూట గొడవను మనసులో వల్లించుకుని, సాయంత్రం ఆడి, అలిగి, రాజీపడి ఇంటికొచ్చేసరికి నాలో గొడవన్నది మిగిలేది కాదు. మా వారు తడితువ్వాలు మంచం మీద పడేస్తే తీసి ఆరేసేదాన్ని. ఆయన నా నుదుటి మీద చెయ్యిపెట్టి చూశారు. మా అత్తగారైతే బెంగపెట్టేసుకుంది. “ఏమిటే హైమవతీ, నా మీద కోపమా? పొద్దుట్నుంచీ చారు నీళ్లలా ఉందని మూడుసార్లన్నాను. ఒక్క మాటైనా బదులు చెప్పవేం? నేను పరాయిదాన్నైపోయానా?”

ఇవన్నీ నవ్వుకోగలిగేవే. నవ్వుకోలేనిది మూడో మంచం కింద ఉంది.

గొడవ మొదలైన తొలి సాయంత్రమే పైడితల్లి కంచంతో సహా మంచం కిందికి వెళ్లిపోయింది. పడక కూడా మళ్లీ కిందికే దిగింది. గలీబులోకి అన్నం ముద్దలు తిరిగొచ్చాయి. నేను పక్కన చతికిలబడి చెప్పాను: “ఇది ఉత్తుత్తి గొడవే అమ్మా. నాన్న నన్నేం చెయ్యడు. అది డ్యూటీ.”

“నాకు తెల్సు,” అంది లోపల్నుంచి.

దానికి తెలుసు. దాని చెవులకు తెలీదు.

పరాంకుశం గారికి ఫోన్ చేసి చెప్పాను. “ఒక్క బాలిక కోసం పథకాన్ని ఆపలేమమ్మా,” అన్నారు. “రాష్ట్రస్థాయి బృందం వస్తోంది. ప్రత్యక్షంగా పరిశీలించి, సదరు బాలిక విషయమై తగు నిర్ణయం తీసుకుంటారు. గొడవ మాత్రం నాణ్యంగా ఉండేలా చూసుకోండి.”

బృందం వచ్చిన రోజు హాల్లో షామియానా గుడ్డ కట్టారు. ‘సహజమైన ఇంటి గొడవ: ప్రత్యక్ష ప్రదర్శన’ అని బ్యానరు. ముందు వరసలో కుర్చీలు, కుర్చీల ముందు జీడిపప్పు పళ్లేలు. పరాంకుశం గారు స్వాగతం పలికారు. “కుటుంబమన్నాక గొడవలుంటాయి. గొడవలున్నప్పుడే అది కుటుంబం. గొడవలేని కుటుంబాన్ని ఈ ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు,” అన్నారు. చప్పట్లయ్యాక ముఖ్య అతిథి జ్యోతి వెలిగించి గొడవను ప్రారంభించారు.

ఆ పూట విషయం తడితువ్వాలు. అప్పలసూరి కొత్త చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. “తువ్వాలు ఆరెయ్యడానికి నానేటైనా... నీకేటైనా...” అని రెండు మాటలు అటూ ఇటూ చేశాడు. ముందు వరసలో ఎవరో దగ్గారు. పరాంకుశం గారు మెడ మీద చెమట తుడుచుకున్నారు. గొడవ పల్చబడిపోతోందని అందరికీ అర్థమైంది.

గవరమ్మ చూడలేకపోయింది. ఎంతైనా వృత్తి గౌరవం ఉంటుంది కదా.

“ఏట్రా, మాటలు రావేట్రా నీకు?” అని కొంగు బిగించి నిలబడింది. “కోడలు పిల్ల తువ్వాలు ఆరెయ్యమంటే నీకు సేతులు పడిపోనాయేటి? ఏమ్మా, నువ్వు మాత్రం తక్కువేటి? మొగుడొచ్చినప్పుడు మొకం చూస్తావా, మంచం చూస్తావా?” చేపల బజారులో ఇటు చివర అరిస్తే అటు చివర వినపడే గొంతు. అప్పలసూరి భయంతో నిజంగానే అరిచాడు. నేను కూడా అరిచాను. ఉత్తుత్తి గొడవలో నిజం గొంతులు కలిసిపోయాయి. ముఖ్య అతిథి జీడిపప్పు నమలడం మాని ముందుకు వంగారు.

అప్పుడు మూడో మంచం కింది నుంచి పైడితల్లి దూసుకొచ్చింది. తలుపు వైపు పరిగెత్తుతుందనుకున్నాను. వంటింట్లోకి వెళ్లింది. స్టూలు జరిపిన చప్పుడు, అటక మీద ఏదో లాగిన చప్పుడు. చాటతో వచ్చింది. దాన్నిండా మర్నాటికని తెచ్చిన గోంగూర కట్టలు. చాట అంచునుంచి ఆకులు రాలుతున్నాయి. దాన్ని తెచ్చి నాకూ అప్పలసూరికీ మధ్య నేలమీద పెట్టింది. పెట్టి, మా ఎదురుగా కూర్చుంది.

ఇన్నేళ్ల అలవాటు. చాట కనపడగానే నా కాళ్లు వాటంతటవే మడుచుకున్నాయి. అప్పలసూరి కూర్చున్నాడు. గవరమ్మ నోరు మూసుకుని ఒక కట్ట విప్పింది. హాల్లో ఆకు తుంచుతున్న చప్పుడు తప్ప మరేం లేదు. పైడితల్లి చెవుల మీద చేతులు లేవు. ఇన్ని వారాల్లో అన్నాల వేళ ఆ చేతులు కిందికి దిగడం నేను చూడలేదు.

“అయిపోయిందా?” అన్నారు పరాంకుశం గారు కంగారుగా.

“అయిపోయినట్టేనండి,” అన్నాను.

“సగం కూడా కాలేదే! అలక ఏది? రాజీ ఏది?”

తన్మయి గారు తల అడ్డంగా ఊపారు. ఆవిడ ముఖంలో నిజమైన బాధ ఉంది. “చాలా విచారకరం. పెద్దల గొడవను పూర్తికానివ్వలేదు. ఈ పాపకు గొడవను స్వీకరించే సామర్థ్యం తక్కువగా ఉంది. ఇక్కడి మోతాదు చాలదు.”

అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. పైడితల్లిని సోమవారం రాజధాని దగ్గర కొత్తగా తెరిచిన విశేష కుటుంబ కేంద్రానికి పంపాలి. “అక్కడ పూటకో గొడవ ఉంటుంది,” అని పరాంకుశం గారు నాకు ధైర్యం చెప్పారు. “ఉమ్మడి కుటుంబం. తోడికోడళ్లు కూడా ఉన్నారు.”

జీపులు వెళ్లిపోయాక పైడితల్లి నా దగ్గరకొచ్చింది. అది నన్ను ఏదీ అడగని పిల్ల. “నానేటి తప్పు సేసినాను?” అంది.

“ఏం చెయ్యలేదమ్మా.”

“మరి నన్నెందుకంపుతన్నారు? నానెల్లను.” కొంగు పట్టుకోలేదు, ఏడవలేదు. చెప్పాల్సింది చెప్పి మళ్లీ మంచం కిందికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న మా ఇంట్లో ఉప్మా వడ్డిస్తున్నాను. మా వారు కోర్టుకు తయారై కూర్చున్నారు. మా అత్తగారు ఉప్మాలో జీలకర్ర ఎక్కువైందని అంటోంది, నేను ఊరుకుంటున్నాను.

“మా దగ్గర ఒక కేసుంది,” అన్నారు మా వారు, నిశ్శబ్దం భరించలేక. “మొగుడూ పెళ్లాం విడిపోయారు. పిల్ల తల్లి దగ్గరుంది. కేసు తేలేదాకా పిల్లని ఎవరూ ఊరు దాటించకూడదని జడ్జిగారు ఆర్డరేశారు. వాయిదాల మీద వాయిదాలు. ఆ పిల్ల పెళ్లి శుభలేఖ నిన్న మా సెక్షన్‌కి వచ్చింది. కేసు ఇంకా అలాగే ఉంది.”

నా చేతిలో గరిటె ఆగింది. “ఊరు దాటించకూడదా?”

“తల్లీతండ్రీ విడిపోతుంటే పిల్లని ఉన్నచోటునుంచి కదపకూడదంటారు. దెబ్బ మీద దెబ్బవుతుందిట.”

“ఇద్దరూ ఒప్పుకుని విడిపోతే?”

“మరీ సుఖం. ఎందుకడుగుతున్నావు?”

“నేను విడిపోదామనుకుంటున్నాను,” అన్నాను.

మా వారి చెంచా కంచంలో పడింది. అది ఏ ఉత్తర్వూ లేకుండానే ఠంగుమంది.

“మీతో కాదు. అప్పలసూరితో.”

“అమ్మయ్య,” అంది మా అత్తగారు గుండెల మీద చెయ్యి వేసుకుని. వెంటనే చెయ్యి తీసేసింది. “అప్పలసూరెవడే?”

“ఆఫీసులో భర్తలే అత్తయ్యా,” అన్నాను. “జీలకర్ర సంగతంటారా, ఇవాళ పోపు వేసింది మీరు.”

మా అత్తగారి ముఖం విప్పారింది. ఎన్నాళ్లకో బదులు దొరికింది మరి. బస్సు వేళయ్యేదాకా నన్ను తిడుతూనే ఉంది, సంతోషంగా.

అప్పలసూరి మొదట ఒప్పుకోలేదు. “ఇడిపోడమంటే బాగోదమ్మగోరూ. జనమేటనుకుంటారు?” అన్నాడు. పైడితల్లి సంగతి చెప్పాను. ఖాకీ చొక్కా గుండీ తిప్పుతూ చాలాసేపు జీడితోటవైపు చూశాడు. “ఆ గుంట నాకాడికొచ్చి గేటు తీయడం నేర్చుకుంది, తెల్సా?” అన్నాడు. “సరే. ఇడిపోదారి. మాయింటిది కూడా కుశాలు పడతాది.”

పరాంకుశం గారికి ఫోన్ చేశాను. తన్మయి గారు కూడా అక్కడే ఉన్నారు.

“సర్, మా కుటుంబంలో అభిప్రాయభేదం ముదిరిపోయింది. నిన్న రాజీ కాకుండా ఆగిపోయింది కదా, అది ఇంక అతకలేదు. నేనూ ఇన్‌ఛార్జి నాన్నా విడిపోతున్నాం.”

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “దీనికి నిబంధనల్లో ప్రొవిజన్ ఉందా?” అని పరాంకుశం గారు ఎవర్నో అడుగుతున్నారు. ఈలోగా తన్మయి గారు ఫోన్ లాక్కున్నారు.

“ఇది మీరనుకుని చేసింది కాదు కదా? తనంతట తనే వచ్చింది కదా?”

“తనంతట తనే వచ్చిందండి.”

“సర్! రాష్ట్రంలో ఇదే మొదటిది!” ఆవిడ గొంతు పట్టరాని ఆనందంతో వణికింది. “పథకం వేళ్లూనుకుంది సర్! దీన్ని మనం గౌరవించాలి.”

“గౌరవిద్దాం. కానీ మరి రోజువారీ గొడవ?” అన్నారు పరాంకుశం గారు.

“విడిపోయినవాళ్లు గొడవెలా పడతారు సర్? అది వాయిదా. ఒక రాజీ కమిటీ వెయ్యాలి.”

“కమిటీకి ఆమోదం రావాలి. సభ్యుల్ని నియమించాలి. సమయం పడుతుంది.”

“పట్టనివ్వండి సర్,” అన్నాను. “అన్నట్టు మేడమ్, పైడితల్లిని సోమవారం పంపమన్నారు. బట్టలు సర్దమంటారా?”

“ఇప్పుడా?” ఆవిడ దాదాపు అరిచారు. “తల్లిదండ్రులు విడిపోతున్న సమయంలో పిల్లని కదుపుతారా? మీరెలాంటి తల్లండీ! మీ మధ్య రాజీ కుదిరేదాకా ఒక్క పిల్లని కూడా ఎక్కడికీ పంపడానికి వీల్లేదు.”

“తప్పేనండి,” అని ఒప్పుకున్నాను. “మేం మాత్రం ఇప్పట్లో రాజీకి రామండి. ఇద్దరివీ మొండి స్వభావాలు.”

ఆ సాయంత్రం గోంగూర పప్పు వండాం. చాట అటక ఎక్కలేదు. ఇంటి పెద్దను ఇప్పుడు నేనొక్కదాన్నే కాబట్టి దాన్ని వంటింటి మేకుకు తగిలించాను. అప్పలసూరి నాన్న చొక్కా మడతపెట్టి నాకు అప్పగించి, ఖాకీ చొక్కాలోకి మారి, ఆఖరిసారిగా వరసలో కూర్చున్నాడు. గవరమ్మ నెయ్యి వడ్డిస్తోంది. ఝాన్సీ గొడవ మాటలు గొణుక్కుంటోంది, ఎవరైనా మరిచిపోతే అందించడానికి. మూడో మంచం కింద కంచం ఒకటి ఉంది. గొడవ వేళ కాబట్టి దాని వెనక రెండు చేతులు అప్పుడే చెవుల దగ్గరికి వెళ్తున్నాయి.

నేను గరిటె గిన్నెలో చప్పుడు కాకుండా పెట్టాను.

“మీకందరికీ ఒక మాట చెప్పాలి,” అన్నాను, మంచం కిందికి వినపడేంత మెల్లగా. “నేనూ నాన్నా విడిపోవాలని నిర్ణయించుకున్నాం. ఇంక ఈ ఇంట్లో అన్నాల దగ్గర గొడవ ఉండదు. నాన్న గేటు దగ్గర ఉంటాడు. ఎవరికెప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు వెళ్లి చూసి రండి. మీరందరూ నా దగ్గరే ఉంటారు. పైడితల్లి కూడా. ఎవర్నీ ఎక్కడికీ పంపం.”

కాసేపటికి మూడో మంచం కింది నుంచి ముందు కంచం బయటికొచ్చింది. తర్వాత పైడితల్లి వచ్చింది.